బొమ్మల కొలువు సంక్రాంతికా, దసరాకా? మా ఇంటి గొడవ మీరే తేల్చండి

గోదారి_గట్టు
సూటిగా విషయానికి వస్తా. మాది అమలాపురం దగ్గర పల్లె. మా ఇంట్లో బొమ్మల కొలువంటే భోగి, సంక్రాంతి, కనుమ, ఈ మూడు రోజులే. మా నాయనమ్మ కాలం నుంచీ అంతే. ఇప్పుడు బొమ్మల పెట్టె హైదరాబాదులో మా అక్క దగ్గరుంది. ఆవిడ మొన్న దసరాకే కొలువు పెట్టేసి ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పడేసింది. ఇదేంటక్కా అంటే, పిల్లలకి దసరా సెలవులే పెద్దవిరా, తీరిగ్గా చూసుకుంటారు అంటుంది. నాలుగేళ్ళ తర్వాత నేను అమెరికా నుంచి సంక్రాంతికి ఇంటికొస్తే పెద్దగదిలో ఏమీ లేదు. వీధి గుమ్మంలో ముగ్గుంది, గొబ్బెమ్మలున్నాయి, లోపలికొస్తే ఉత్త గోడ.

చిన్నప్పుడు భోగికి రెండ్రోజుల ముందు నాన్న అటక మీంచి ట్రంకు పెట్టె దించేవారు. మూత తీయగానే కలరా ఉండల వాసన. ఒక్కో బొమ్మా పాత పేపర్లో చుట్టి ఉండేది, విప్పుతూ ఆ పేపర్లో వార్తలు చదువుతూ కూచుంటే అమ్మ అరిచేది. బల్ల, దాని ముందు పీటలు, పిండి డబ్బాలు, వాటి మీద నాన్న పట్టు పంచె పరిస్తే మెట్లు తయారు. పైన కలశం, దేవుళ్ళు, దశావతారాలు, కింద కొండపల్లి పల్లెటూరు: తాటిచెట్టు ఎక్కే కల్లుగీత మనిషి, ఎడ్లబండి, చల్ల చిలికే ఆవిడ. ముందర మట్టి పోసి, నాలుగు రోజుల ముందే ఆవాలు చల్లితే పండగ నాటికి పచ్చగా చేను లేచేది. మధ్యలో అద్దం పెడితే చెరువు. అంబారీ ఏనుగు మాత్రం ఎప్పుడూ మూడో మెట్టు మీద కుడిపక్కనే. ఆ ఏనుగు తొండం మా అక్క విరగ్గొట్టింది, అది వేరే కథ.

నా ప్రశ్న ఒక్కటే. కొలువు మన ఆంధ్రాలో సంక్రాంతి పండగది. దసరా కొలువు తమిళ వాళ్ళని చూసి నేర్చుకున్నది. అవునా కాదా?

కామాక్షి_తిరుపతి
కాదు. "తమిళ వాళ్ళని చూసి" అని ఎంత తేలిగ్గా అనేశారండీ! మాది చిత్తూరు జిల్లా, ఐదు తరాలుగా తెలుగే మాట్లాడుతున్నాం, ఐదు తరాలుగా దసరాకే కొలువు. ఆశ్వయుజ పాడ్యమి నాడు మొదలుపెట్టి తొమ్మిది రాత్రులు. రాయలసీమలో చాలా ఇళ్ళల్లో ఇంతే. మైసూరు వైపు కూడా దసరాకే బొమ్మలు పెడతారు, వాళ్ళూ తమిళుల దగ్గరే నేర్చుకున్నారా? కోనసీమలో ఉన్నదే ఆంధ్రా, మిగతాదంతా పక్క రాష్ట్రం అనుకునే అలవాటు మీ వైపు వాళ్ళకి ఎప్పుడు పోతుందో.

మా ఇంట్లో మొదట పెట్టేది తిరుపతి చెక్క బొమ్మల జంట. ఎర్రచందనం. మా అమ్మమ్మకి పెళ్ళిలో వాళ్ళమ్మ ఇచ్చింది, ఆవిడ మా అమ్మకిచ్చింది, అమ్మ నాకిచ్చింది. ఏటా ఆ ఇద్దరికీ కొత్త చీర, కొత్త పంచె కుట్టాలి. జానెడు గుడ్డే, కుడితే తెలుస్తుంది ఎంత పనో.

లెక్కల_మాస్టారు
సంక్రాంతా దసరానా తర్వాత. మెట్లెన్ని? కొలువుకి మెట్లు బేసి సంఖ్యలోనే ఉండాలి. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. మీ అక్కగారి ఫొటోలో ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పండి.

కరీంనగర్_తంగేడు
మా దిక్కు కొలువులు తక్కువన్నా. దసరా అంటే మాకు బతుకమ్మనే. పెత్తరమాస నాడు ఎంగిలిపూలతో మొదలు, సద్దుల నాటికి బతుకమ్మ నడుము దాకా లేస్తుంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల. గునుగు పూలకు రంగులద్దడం మా బాపు పని, చేతులు వారం దాకా గులాబీ రంగే. అంత కష్టపడి పేర్చినదాన్ని చెరువుల వదిలేసి వస్తం, మీరేమో పెట్టెల దాచుకొని కొట్టుకుంటున్నరు 😀

గోదారి_గట్టు
@కామాక్షి గారూ, మిమ్మల్ని తమిళులన్నానా? ఆచారం ఎటు నుంచి వచ్చిందో అన్నాను, అంతే. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఎవర్నైనా అడగండి, సంక్రాంతే అంటారు. కారణం కూడా ఉంది. పంట ఇంటికొస్తుంది, చేతిలో నాలుగు డబ్బులుంటాయి, కొత్త బొమ్మ కొంటారు. ఏటా ఒక్క బొమ్మైనా కొత్తది చేరాలి కదా. భోగి సాయంత్రం పిల్లలకి రేగుపళ్ళు, చిల్లర, బంతిపూల రెక్కలు, చెరుకు ముక్కలు కలిపి తలమీద పోసేది ఆ కొలువు ముందే కూచోబెట్టి. దసరాకి భోగిపళ్ళు పోస్తారా? పొయ్యరు. రెండూ విడదీస్తే మిగిలేది షోకేసు.

@మాస్టారూ, మెట్లు లెక్కపెట్టలేదండి.

కామాక్షి_తిరుపతి
మాకు భోగిపళ్ళు లేకపోతే మాది షోకేసా? బాగుంది. తొమ్మిది రోజులూ రోజుకో సుండల్... ఆగండి, సుండల్ అన్నానని మళ్ళీ తమిళం అంటారు, గుగ్గిళ్ళు అంటాను, సరేనా? శనగలు, అలసందలు, పెసలు, రోజుకొకటి. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చి పాట పాడందే తాంబూలం ఇచ్చేది కాదు మా అవ్వ. గొంతు బాగాలేని వాళ్ళు మా ఇంటికి రావడానికి భయపడేవాళ్ళు.

అడగడం మర్చిపోయా. అక్క దసరాకి పెట్టింది, మీకు నచ్చలేదు. మరి అమ్మగారు ఏమన్నారు?

విశాఖ_సముద్రం
తేదీ సంగతి నాకు తెలీదు కానీ దయచేసి ప్లాస్టర్ బొమ్మలు కొని కొలువు అనకండి. మాకు దగ్గర్లోనే ఏటికొప్పాక, వరాహ నది ఒడ్డు ఊరు. అంకుడు కర్రని తిప్పుతూ లక్క పూస్తారు, రంగులు చెట్ల నుంచి, గింజల నుంచి తీసినవి. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో ఆంధ్రా శకటం మీద ఆ బొమ్మలే పెట్టారు. చప్పట్లు కొడతాం, కొనేది మాత్రం ఆన్‌లైన్‌లో దొరికే పింగాణీ బాతులు.

గోదారి_గట్టు
ఏటికొప్పాకవి మా దగ్గర ఆరున్నాయి. కానీ కొండపల్లి కొండపల్లే. తెల్ల పొణికి కర్ర, చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. ఏనుగుకి తొండం, కాళ్ళు, అంబారీ విడివిడిగా చెక్కి అతుకుతారు, అందుకే మా ఏనుగు అతుకు దగ్గరే ఊడింది.

@కామాక్షి, అమ్మకేం, ఆవిడకి అందరూ బాగుండాలి. విషయం అది కాదు.

లెక్కల_మాస్టారు
అంబారీ ఏనుగు మూడో మెట్టు అన్నారు. పైనుంచా, కిందనుంచా? ఐదు మెట్లైతే ఎలా లెక్కపెట్టినా మూడోదే వస్తుంది, కాబట్టి మీవి ఐదని నా అనుమానం.

గుంటూరు_స్టార్
మేం క్రిస్టియన్స్. డిసెంబర్ రాగానే మా నాన్న వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టి, ఎర్ర కాగితం అంటించి లోపల బల్బు పెట్టి డాబా మీద కర్రకి కట్టేవాడు. మంచుకి కాగితం మెత్తబడి చిరిగేది, మళ్ళీ అంటించేవాడు. ఇప్పుడు షాపులో ప్లాస్టిక్ స్టారు మూడొందలకి వస్తుంది, ఐదేళ్ళు చిరగదు. మా నాన్న దాన్ని ఒకసారి చూసి, చిరగకపోతే నాకేం పని రా అన్నాడు. ఈ థ్రెడ్‌కి సంబంధం లేదేమో, గుర్తొచ్చింది.

అటక_మీది_పెట్టె
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, ఇక వల్ల కాక రాస్తున్నా. గోదారి గారూ, మీ మొదటి పోస్టు మళ్ళీ చదవండి. అటక మీంచి పెట్టె దించింది నాన్న. పేపర్లు చదువుతూ కూచున్నది మీరు. అరిచింది అమ్మ. మరి బొమ్మలు తుడిచిందెవరు? పేర్చిందెవరు? కనుమ మర్నాడు మళ్ళీ చుట్టి సర్దిందెవరు? ఆ మాట మీ పోస్టులో లేదు.

నేను చెప్తా. మా ఇంట్లో నూట నలభై బొమ్మలు. పెట్టడం ఒక పూట పని, తీయడం రెండు రోజులు. పెట్టేటప్పుడు అందరూ ఉంటారు, తీసేటప్పుడు ఎవరూ ఉండరు. కొండపల్లి బొమ్మకి తడి తగలకూడదు, రంగు పోతుంది, పొడిగుడ్డతో తుడవాలి. మట్టి బొమ్మకి దూది చుట్టాలి. ఒక్క ముక్కు విరిగినా నాదే పూచీ. మా తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చి ఫొటో తీసుకుని "మా ఇంటి సంప్రదాయం" అని పెట్టుకుంటాడు. మూడేళ్ళ కిందట నాకు నడుం ఆపరేషన్ అయింది, ఈసారి పెట్టలేను రా అంటే "అయ్యో, పిల్లలకి జ్ఞాపకాలు ఉండవే" అన్నాడు. నువ్వొచ్చి పెట్టు అన్నా. ఫోన్ సిగ్నల్ పోయింది వాడికి.

మీ అక్క పెట్టె మోసుకెళ్ళింది, పెట్టింది, ఫొటోలు కూడా పంపింది. మూడు నెలల తేడా వచ్చిందని పంచాయితీ పెట్టారు మీరు.

కరీంనగర్_తంగేడు
అక్కా 🙏

గోదారి_గట్టు
ఇదిగో, ఏది రాసినా చివరికి ఆడా మగా గొడవ చేస్తారు. నేను పని చేయనని మీకు ఎవరు చెప్పారు? చిన్నప్పుడు మెట్లు కట్టింది నేనే. డబ్బు కూడా పంపిస్తాను, కొత్త బొమ్మలకని ఏటా వేరేగా పంపిస్తాను. అడిగింది ఒక్కటే: తరతరాలుగా ఉన్న రోజుని ఒక మనిషి తన సౌకర్యం కోసం మార్చేయొచ్చా? రేపు ఉగాదిని వేసవి సెలవుల్లోకి మార్చేద్దాం, పిల్లలకి ఖాళీ కదా.

సంప్రదాయ_రక్షణ
గోదారి గారితో ఏకీభవిస్తున్నాను. వీలుని బట్టి ఆచారం మార్చుకుంటే అది ఆచారం కాదు.

కామాక్షి_తిరుపతి
గోదారి గారూ, రెండోసారి అడుగుతున్నా. అమ్మగారు ఏమన్నారు? పెట్టె ఆవిడది. అక్క తీసుకెళ్తుంటే ఆవిడ ఊరికే ఎలా ఇచ్చారు? మా అమ్మైతే తన చెక్క బొమ్మల్ని బతికుండగా గడప దాటనివ్వలేదు. ఏదో జరక్కుండా ఏ ఇల్లాలూ కొలువు పెట్టె ఇవ్వదు.

విశాఖ_సముద్రం
మేడమ్, మరీ పర్సనల్‌గా వెళ్తున్నారేమో.

కామాక్షి_తిరుపతి
ఫ్యామిలీ గ్రూపు గొడవ తెచ్చి ఇక్కడ పెట్టింది ఆయనే కదండీ.

గోదారి_గట్టు
మా అమ్మ సంగతి మీకెందుకండీ అసలు?? సరే, తెలుసుకోవాలనుంది కదా, వినండి. నాన్న పోయి మూడేళ్ళయింది. మొదటి ఏడు ఎలాగూ పండగ లేదు. రెండో ఏడు అమ్మ తనే పెట్టె దింపించి కొలువు పెట్టింది. పేరంటానికి పిలవడానికి కుంకం భరిణె పట్టుకుని వీధిలోకి వెళ్ళబోతుంటే మా పెద్దమ్మ ఆపి, నువ్వు పిలవకూడదే, ఎవరైనా ముత్తైదువని పంపు అంది. సరే, పక్కింటావిణ్ణి పంపారు. సాయంత్రం అందరూ వచ్చాక హారతి దగ్గర మళ్ళీ అదే మాట. అమ్మ పళ్ళెం అక్క చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. శనగలు అప్పటికే పోపు పెట్టేసి ఉన్నాయట, అయినా మళ్ళీ పొయ్యి వెలిగించి గరిటె తిప్పుతూ కూచుందట. అందరూ వెళ్ళేదాకా బయటికి రాలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మే అక్కతో అందట, పెట్టె నువ్వు తీసుకుపో అని.

నేనప్పుడు అమెరికాలో ఉన్నా. ఆ సాయంత్రమే వీడియో కాల్ చేశాను. కొలువు చూపించక్కా అంటే చూపించింది, మెట్టు మెట్టుకీ ఫోన్ తిప్పించి, ఏనుగుని దగ్గరగా పెట్టమని అడిగి మరీ చూశాను. అమ్మేదీ అని అడగలేదు. ఇదంతా అక్క నాకు చెప్పింది మొన్న, దసరాకెందుకు పెట్టావని పోట్లాడితే. చాలా?

అటక_మీది_పెట్టె
...

సారీ అండి. ఆ మాటలు మీ గురించి కాదు, మా తమ్ముడి మీద కోపం మీ మీద చూపించా. కొంచెం మీ మీద కూడా.

సంప్రదాయ_రక్షణ
బాధాకరమే. కానీ పెద్దమ్మగారు చెప్పినది వారి తరం పద్ధతి. ఆవిణ్ణి తప్పు పట్టలేం.

అటక_మీది_పెట్టె
పట్టగలం. నేను పడతా. నలభై ఏళ్ళు ఆ బొమ్మల్ని తుడిచిన చెయ్యి ఒక్కరోజులో హారతికి పనికిరాకుండా పోయిందా? ఏ పద్ధతండీ ఇది? మా అత్తగారికీ ఇలాగే అయింది, ఆవిడ ఆ తర్వాత ముగ్గు కూడా వెయ్యడం మానేసింది, మెలికల ముగ్గు ఇరవై ఒక్క చుక్కలది కళ్ళు మూసుకుని వేసే మనిషి. ఎవరూ వెయ్యొద్దనలేదు, తనే మానేసింది.

సంప్రదాయ_రక్షణ
ఎవరూ వద్దనలేదని మీరే అంటున్నారు.

మోడరేటర్
ఇద్దరూ కాస్త ఆగండి. రెండు పోస్టులు తీసేశాను, ఎందుకో మీకు తెలుసు.

కామాక్షి_తిరుపతి
గోదారి గారూ, గుచ్చి గుచ్చి అడిగినందుకు క్షమించండి. కానీ ఒక మాట, నా వాదనకే అడ్డం వచ్చే మాట. దసరాకైతే ఇలా అనరని కాదు. మా ఊళ్ళోనూ అంటారు. మా చిన్నమ్మని నవరాత్రులు తొమ్మిదీ వెనక గదిలో కూచోబెట్టడం చూశాను. మీ అక్క ఇంట్లో ఎవరూ అనలేదంటే అది దసరా గొప్ప కాదు, అపార్ట్‌మెంటు కాబట్టి. ఎదురు ఫ్లాటు వాళ్ళకి మీ అమ్మగారి కథ తెలీదు, పెద్దమ్మ అక్కడ లేదు. మీ అక్క పండగ మార్చింది పిల్లల సెలవుల కోసం కాదేమో. సంక్రాంతికైతే అందరూ ఊరికి రావాలి, ఊళ్ళోనే పెట్టాలి కదా.

ఆ ఫొటోల్లో అమ్మగారు ఉన్నారా?

గోదారి_గట్టు
ఉంది.

ఇప్పుడే మళ్ళీ తీసి చూశా. పదకొండు ఫొటోలు పెట్టింది అక్క, ఎనిమిదింట్లో అమ్మ ఉంది. ఒకదాంట్లో హారతి పళ్ళెం ఆవిడ చేతిలోనే ఉంది. నేను అప్పుడు ఫొటోలు చూసి గ్రూపులో పెట్టిన మెసేజ్ "ఇది అక్టోబర్, జనవరి కాదు". దాని కింద అమ్మ ఒక నవ్వు బొమ్మ పెట్టింది. అక్క ఏమీ పెట్టలేదు.

అయినా సరే, నాకు సంక్రాంతికే కావాలి. అక్క తప్పు చేసిందని ఇక అనను, కానీ ఆ ఖాళీ గోడ నాకు నచ్చలేదు. మా పెద్దమ్మ మాటకి మేం పండగే మార్చుకుని హైదరాబాదు వెళ్ళిపోవాలా? ఆవిడ మాత్రం ఊళ్ళో హాయిగా పేరంటాలకి తిరగాలా?

అటక_మీది_పెట్టె
అదీ మాట. ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత గొడవుండేది కాదు.

అయితే వచ్చే సంక్రాంతికి ఊళ్ళో పెట్టండి. పేరంటానికి అమ్మగారే పిలవనివ్వండి. రాని వాళ్ళు రారు. శనగలు కాస్త తక్కువ నానబెట్టుకోండి. కానీ తీసేటప్పుడు మీరుండాలి, రిటర్న్ టికెట్ ముక్కనుమ నాటికి తీసుకోవద్దు. ముందు అమ్మగారిని అడగండి, ఆవిడకి మళ్ళీ ఆ గదిలో పెట్టాలని ఉందో లేదో.

కరీంనగర్_తంగేడు
పెద్దమ్మను కూడ పిలవున్రి. అమ్మనే పోయి పిలవాలె.

గోదారి_గట్టు
అమ్మకి ఫోన్ చేశా. ఎత్తగానే తిన్నావా అంది. వచ్చే సంక్రాంతికి కొలువు మనింట్లో పెడదామే అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, పెట్టె మళ్ళీ బస్సులో వేస్తే బొమ్మలు పగులుతాయిరా అంది. కార్లో తెస్తాను అన్నా. చూద్దాంలే అంది. అంటే అవుననో కాదనో మా అమ్మ విషయంలో ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. పెట్టేసే ముందు, ఆ ఏనుగు తొండం విరిచింది నువ్వు, నలభై ఏళ్ళుగా అది నా మీద తోస్తున్నావని అక్క అంటోంది, నిజమేనా అని అడిగింది. నేనూ చూద్దాంలే అన్నాను.

ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆ తొండం ముక్క ఇంకా పెట్టెలోనే ఉందట, అతికించొచ్చా?

విశాఖ_సముద్రం
ఫెవికాల్ పూయకండి. కొండపల్లిలో చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి ముద్ద చేస్తారు, మక్కు అంటారు. దాంతోనే అతుకుతారు. కుదిరితే విజయవాడ వెళ్ళినప్పుడు అక్కడికే పట్టుకెళ్ళండి, ఎంతో దూరం లేదు. బొమ్మల కాలనీ అంటే ఎవరైనా చూపిస్తారు.

లెక్కల_మాస్టారు
అంతా బాగుంది. ఫొటో మళ్ళీ తీసి చూశానన్నారు, మెట్లెన్నో చెప్పలేదు.

గోదారి_గట్టు
ఆరు మాస్టారూ. ఆరోది చిన్న స్టూలు. మేనల్లుడి కార్లు పెట్టుకోవడానికి అమ్మ వేయించిందట.

లెక్కల_మాస్టారు
స్టూలు మెట్టు కిందకి రాదు. ఐదే.